జోగారావు కుర్చీ ఎక్కనన్నాడు

పలాసలో పళ్ళ డాక్టరు శ్రీకాంత్ గది. వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చిన చేపలమ్మే పోలమ్మ, ఆమె కొడుకు జోగారావు. వాడికి పాతికేళ్ళు, బుద్ధిమాంద్యం.

"మళ్ళీ గుమ్మం వైపు పోతున్నాడు. కూర్చోబెట్టమ్మా, బయట జనం ఉన్నారు."

"కూకోరా జోగా. డాట్రుబాబు ఏటీ సెయ్యడు. ఒరే, నా సెయ్యి గీరకు."

"పోనీ నోరు తెరిపించు. నిలబెట్టే చూస్తాను."

"తెరవడు బాబూ. తెరిసేవోడైతే సేపల బుట్ట ఒగ్గీసి, ఆటోలు మారి ఇంత దూరం ఎందుకొత్తాను? రాత్రయితే దవడ గోడకేసి కొట్టుకుంతన్నాడు. గంజి కూడా మింగనేదు."

"ఇంతకుముందు ఎవరికైనా చూపించావా?"

"సూపించకేటి? టెక్కల్లో ఒకాయన గుమ్మంలోనే ఆపీసినాడు. ఇలాటోల్లు కొరికెత్తారు, మేం సూడమన్నాడు. మావోడు ఎవుల్నీ కొరకనేదు బాబూ. ఇంకోకాడ మొగోల్లని తెచ్చి గట్టిగా పట్టించమన్నారు. మా మొగోల్లు తెల్లారకుండానే సముద్రం మీద ఏటకెల్లిపోతారు. నానెవుల్ని తేను?"

"అక్కడా కుర్చీ ఎక్కలేదా?"

"ఎక్కనేదు. కుర్సీ సూత్తే సాలు, గుమ్మంకాడికి పరిగెట్టేత్తాడు."

"అయితే మత్తిచ్చి పన్ను తియ్యాలి. అది ఇక్కడ కుదరదు. విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు."

"అదీ అయ్యింది. మా పక్కింటి గణపతిరావు సేత ఫోను సేయించినాను. మత్తు డాట్రు కాలీ నేడంట. పేరు రాసుకున్నారు, కబురెడతామన్నారు. ఆల కబురొచ్చేదాకా ఈడు తినకండా ఉంటాడా? మీరే సెప్పండి."

"నా మీద అరిస్తే ఏం లాభమమ్మా?"

"మరెవుల మీద అరవను? ఎవులికాడికెల్లినా ఇంకోల్లకాడికి ఎల్లమంతారు. ఈడి పన్ను పన్ను కాదేటి? ఈడికి నొప్పి నేదేటి?"

"సరే, సరే. ఇప్పటికి నొప్పి బిళ్ళలు రాస్తాను. గంజిలో కలిపి..."

"నొప్పి బిళ్ళలొద్దు."

"వద్దా? మరి ఇన్నాళ్ళూ ఏం వేశావు?"

"లవంగనూని రాసినాను."

"అంతేనా? ఇంత వాపుకి?"

"మాది ఉద్దానం బాబూ, ఇంటింటా కిడ్నీ జబ్బే. ఈల నాన్న వల లాగి లాగి ఒల్లు నొప్పులని ఆ బిళ్ళలే మింగీవోడు. కిడ్నీలు పోనాయి. డయాలసిస్‌కి ఈడినీ ఎంటబెట్టుకునే ఎల్లీదాన్ని, ఇంటికాడ ఒగ్గీడానికి ఎవులూ నేక. మల్లీ ఆ బిళ్ళలే ఈడి నోట్లో ఎయ్యమంతారా?"

"అన్ని బిళ్ళలూ అలాంటివి కావమ్మా. కిడ్నీకి ఇబ్బంది లేనివి ఉన్నాయి. అవే రాస్తాను. అది తెలియక ఇన్నాళ్ళూ వాణ్ణి నొప్పితో ఉంచేశావు."

"ఎవులు సెప్పినారు నాకు? ఏ డాట్రైనా గుమ్మం లోపలికి రానిత్తే కదా."

"జోగారావూ, ఇటు చూడు. దేనికయ్యా నీకంత భయం?"

"ఆడికేటి తెలుత్తాది బాబూ. నన్నడగండి."

"ఇందాకటి నుంచీ నిన్నే అడుగుతున్నాను. ఒకసారి వాణ్ణి చెప్పనీ. జోగారావూ, ఈ కుర్చీ ఎందుకు వద్దు?"

"ఒద్దు."

"అదే, ఎందుకొద్దు?"

"నాన్న ఇలాటి కుర్సీలోనే పడుకున్నాడు. మరి ఇంటికి రానేదు."