యజమాని పేరు

మాంటెవిడియోలో అంబులెన్సులు పంపే ఆఫీసు. పక్క గదిలో ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయి. వెనక గదిలో కంప్యూటర్లు చూసుకునే ఇద్దరు ఒకే సొరబుర్ర కప్పులో వేడి మాతే టీ తాగుతున్నారు.

"అక్కా, పరీక్షలకి వాడే మెషీన్ల క్లస్టర్ ఖాళీ చేశా. దాని పేర్లన్నీ, ఏ పేరు ఏ మెషీన్‌దో చెప్పే డీఎన్ఎస్‌లోంచి ప్రోగ్రామే తుడిచేసింది."

"ఎన్ని?"

"నలభై."

"అందులో ఉన్నవి ఆరేగా!"

"నలభై అనే చూపిస్తోందక్కా."

"ఫోన్లు నడిపే అసలు క్లస్టర్‌కి సెట్టింగులు ఎక్కణ్ణుంచి తెచ్చావు?"

"పరీక్షల దాన్నుంచే కాపీ కొట్టా."

"ఒక్కో పేరు మీద ప్రోగ్రామ్ వేసే యజమాని పేరు మార్చావా?"

"అది కూడా మార్చాలా?"

"ఓరి నాయనో! యజమాని పేరు ఒకటే అయితే అసలువి కూడా తనవేననుకుని తుడిచేస్తుందిరా ఆ పరీక్షల ప్రోగ్రామ్!"

"అసలు దాంట్లోనూ ప్రోగ్రామ్ ఉందిగా, మళ్ళీ రాసుకుంటుందిలే... అయ్యో. రెండూ ఒకదాని రాత ఒకటి చెరుపుతున్నాయని పొద్దున అసలు దాంట్లోది ఆపేశా."

"ముందు అది మొదలెట్టు!"

"మొదలెడుతున్నానక్కా. కానీ ఫోన్లు మోగుతూనే ఉన్నాయిగా?"

"పేరు తుడిచినా పాత దారి మెషీన్లకి ఐదు నిమిషాలు గుర్తుంటుంది. ఎప్పుడు తుడిచింది?"

"నువ్వు ఈ మాతే పోసినప్పుడు."

"ఇది చల్లారిపోయిందిరా."

"అక్కా, పక్క గదిలో..."

"మాట్లాడకు. విను."

ఒక్క ఫోనూ మోగడం లేదు.