పులుపు ఒక్కసారిగా తగిలితే

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, వెనక వరసలో కూర్చుని కాఫీ ఎప్పుడొస్తుందా అని తలుపు వైపే చూస్తున్న నా స్నేహితులకు నమస్కారం. ఈ రిటైర్మెంటు సభలో నన్ను పొగిడినవాళ్లందరికీ కృతజ్ఞతలు. నేనింత మంచిదాన్నని ఇన్నాళ్లూ మా ఆయనక్కూడా తెలియదు పాపం. (నవ్వులు)

నీ ఉద్యోగమేమిటే అని మా అత్తగారు అడిగితే, "కణానికి పులుపు తగిలించి, ఉలిక్కిపడుతుందో లేదో చూస్తానండీ" అనేదాన్ని. "దానికి జీతం కూడానా!" అని ఆవిడ బుగ్గలు నొక్కుకునేవారు. కణం పొరలో చిన్న చిన్న ద్వారాలుంటాయి. బయట ఆమ్లం పెరిగితే అందులోని ప్రోటాన్లు వాటికి అతుక్కుంటాయి, ద్వారం ఆకారం మారి తెరుచుకుంటుంది, సోడియం లోపలికి దూకుతుంది, నరానికి నొప్పి తెలుస్తుంది. చెప్పడానికి ఇంతే.

అధ్యక్షులవారు అప్పట్లో నా పక్క కుర్చీలోనే పనిచేసేవారు. మేమంతా నిదానంబాబు అనేవాళ్లం, కోపగించుకోకండి సార్. సూదిమొనకి అంటించిన కణం ఎక్కడ ఊడిపోతుందోనని ఆమ్లాన్ని సన్నగా, కొంచెం కొంచెంగా వదిలేవారు. సోడియం లోపలికి దూకితే చూపించే తెర మీది గీత కదిలితే ఒట్టు. "వీటిలో ద్వారాలే లేవు, కట్టిపెట్టేద్దాం" అన్నారు. నాకు ఒళ్లు మండి, ఆమ్లం వదిలే గొట్టం కొస కణం పక్కకి జరిపి ఒక్కసారిగా వదిలాను. గీత ధబ్బున కిందికి దూకింది! ద్వారాలు లేకపోవడం కాదండీ. పులుపు మెల్లమెల్లగా పెంచుకుంటూ పోతే అవి తెరుచుకోకుండానే మొద్దుబారిపోతాయి.

ఈ ఏడాదంతా నాకూ అదే వైద్యం చేశారు సార్. ముందు మా ప్రయోగాల గదిలోంచి ఫ్రిజ్ పట్టుకెళ్లారు, పోనీలే అనుకున్నాను. తర్వాత బల్ల పోయింది, ఆ తర్వాత తలుపు మీది బోర్డు పోయింది, నేను నోరెత్తలేదు. ఇందాక చప్పట్ల మధ్య, ఆ గదిని రేపటినుంచి అతిథుల విశ్రాంతి గది చేస్తామన్నారే, అక్కడ పొరబడ్డారు. ఒక్కసారిగా పోసేశారు.

మూడో వరసలో కళ్లు తుడుచుకుంటున్నది నా శిష్యురాలు, మా పిచ్చుక. ప్రోటాన్ ముందు ఎక్కడ అతుక్కుంటే ద్వారం కదులుతుందో తేల్చే పని దాని చేతిలో సగంలో ఉంది. గది పోతే ఆ పనీ పోతుంది. ఏడుపెందుకే, లేచి రా. ఇదిగో తాళంచెవి. దీన్ని ఆఫీసులో అప్పగించాలట, నేనివ్వను. ఏం చేస్తారు, ఉద్యోగంలోంచి తీసేస్తారా? (నవ్వులు, చప్పట్లు)

సోఫాలు మోసుకొస్తే తలుపు తియ్యకు తల్లీ. వీళ్లు గట్టిగా అడగరు, రోజూ కాస్త కాస్తగా, తియ్యగా అడుగుతారు. మొద్దుబారిపోకు.

ఓపిగ్గా విన్న మీ అందరికీ, పువ్వులిచ్చిన మీకూ సార్, కృతజ్ఞతలు. ఇక సెలవు.