ఫోటో లేని లైసెన్సు

నా పేరు జకరాయస్ స్టాల్. అందరూ జాక్ అంటారు. వయసు అరవై ఎనిమిది. కెనడాలోని ఆల్బర్టాలో కార్వెల్ ఊరికి ఉత్తరాన ఉన్న గ్రే కౌలీ హటరైట్ కాలనీలో ఉంటాను. హటరైట్లమంటే బైబిలు మాట ప్రకారం అన్నీ ఉమ్మడిగా పెట్టుకుని బతికే క్రైస్తవులం. కోళ్ల షెడ్డు చూసుకుంటాను, కాలనీ వ్యాను నడుపుతాను. నడిపేవాణ్ణి అనాలన్నారు ఈ వాంగ్మూలం రాసుకుంటున్న కానిస్టేబుల్ డోయల్ గారు. సరే, అలాగే రాసుకోండి. నేను నోరు విప్పనక్కర్లేదని కూడా ఆవిడే చెప్పారు. దాచడానికి నా దగ్గర ఏమీ లేదు కాబట్టి చెబుతున్నాను.

మా కాలనీలో ఎవరమూ ఫోటో తీయించుకోం. మనిషి రూపాన్ని చేసుకోవద్దని దేవుడు చెప్పాడు, మేం విన్నాం. పెళ్లికీ ఫోటో లేదు, చావుకీ లేదు. ఇదివరకు మా లైసెన్సుల మీద ఫోటో ఉండాల్సిన చోటు తెల్లగా ఉండేది. ఆ తెల్లచోటుతోనే ఇన్నేళ్లూ బండి నడిపాను. రోడ్డు మీద ఒక్క కోడిని కూడా తొక్కించలేదు. తర్వాత రూలు మారింది. ఫోటో లేకపోతే కొత్త కార్డు లేదన్నారు. కాలనీలో ఒక్కొక్కరి లైసెన్సూ గడువు తీరిపోతూ వచ్చింది. ఆఖరిది నాది.

నా భార్య రాహెల్‌కు రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు కార్వెల్ ఆసుపత్రిలో డయాలిసిస్ చేయించాలి. ఒకసారి తప్పితే కాళ్లు ఉబ్బుతాయి. రెండోసారి తప్పితే ఊపిరి అందదు.

అక్టోబరులో, గడువు తీరే ముందు, ఆసుపత్రి నుంచి వస్తూ రాహెల్‌ను వెంటబెట్టుకుని లైసెన్సు ఆఫీసుకు వెళ్లాను. కౌంటర్లో ఉండే లోరెయిన్ మా కోళ్లు కొనే మనిషే, నాకు ఎన్నో ఏళ్లుగా తెలుసు.

"జాక్ గారూ, మీ మొహం నాకు తెలుసు. ఈ కంప్యూటర్‌కే తెలీదు. ఫోటో పెట్టందే ముందుకు కదలనంటోంది, నన్నేం చెయ్యమంటారు?" అంది.

"వేలిముద్ర తీసుకోమ్మా. పది వేళ్లవీ తీసుకో."

"రోడ్డు మీద పోలీసు మీ బొటనవేలు చూసి గుర్తుపడతాడా, మీరే చెప్పండి?" అంది. గొంతు తగ్గించింది. "పోనీ కళ్లు మూసుకుని కూర్చోండి. నేను టక్కున నొక్కేస్తా. మీకేం తెలీనట్టే ఉంటుంది."

"కళ్లు మూసుకుంటే నీ యంత్రం ఒప్పుకుంటుందా?"

"ఒప్పుకోదు," అంది. నవ్వింది, కళ్లు తుడుచుకుంది.

నేను ఆ కెమెరా ముందు స్టూలు మీద కూర్చున్నాను. టోపీ కూడా తీశాను. ఇది తప్పకుండా రాసుకోండి. కూర్చున్నాను. చేతికి కట్టుతో తలుపు దగ్గర కుర్చీలో ఉన్న రాహెల్ లేచి వచ్చి నా చొక్కా పట్టుకు లాగింది.

"లే జాక్. నలభై ఏళ్లుగా చూస్తున్నా, అదేమంత ఫోటో తీయాల్సిన మొహం కాదులే. పద, ఇంటికి పోదాం."

లేచాను.

అప్పటి నుంచి పక్క పొలం వాల్టర్ ప్రూయిట్ తన ట్రక్కులో ఆమెను తీసుకెళ్తున్నాడు. ఆయన మా కాలనీ మనిషి కాదు, అయినా చేశాడు. డిసెంబరులో ఆయన ఊళ్లో లేనప్పుడు నేనే తీసుకెళ్లి పట్టుబడ్డాను. ఈ కానిస్టేబుల్ గారే హెచ్చరించి వదిలేశారు. మొన్న సోమవారం మంచు తుఫానుకి రోడ్డు మూసేశారు, డయాలిసిస్ తప్పింది. ఈ రోజు, బుధవారం, పొద్దున్నే వాల్టర్ భార్య ఫోన్ చేసింది. ఆయన మంచు మీద జారిపడ్డాడట, తుంటి విరిగిందట. అంబులెన్సుకు ఫోన్ చేశాం. రోడ్ల మీద అన్నీ ప్రమాదాలే, రావడానికి రెండు గంటలు పడుతుందన్నారు. అప్పటికే రాహెల్ మంచం మీద పడుకోలేక కూర్చుని ఊపిరి తీస్తోంది.

మా పాస్టర్ యోసెఫ్ దగ్గరికి వెళ్లాను.

"నువ్వు నడిపితే చట్టం తప్పినట్టు జాక్," అన్నాడు. "నడపకపోతే..."

కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. వ్యాను తాళంచెవి ఎప్పుడూ ఆయన బల్ల మీదే ఉంటుంది, నేనే తీసుకున్నాను. ఇందులో ఆయన తప్పేమీ లేదు.

ఏడుంబావుకి హైవే కూడలి దగ్గర కానిస్టేబుల్ గారు బండి ఆపారు. పాత కార్డు ఇచ్చాను. తెల్లచోటు చూశారు, నన్ను చూశారు, వెనక సీట్లో రాహెల్‌ను చూశారు. ఇంకేమీ అడగకుండా ఆమెను తన కారులోకి ఎక్కించి, నన్నూ ఎక్కించి, సైరన్ వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు. అందుకు ఆవిడకు రుణపడి ఉంటాను. అదీ రాసుకోండి. అక్కడి నుంచి నన్ను ఈ పోలీసు స్టేషనుకు తెచ్చారు.

నేనెవరో తేల్చే ఫోటో కార్డు ఏదీ లేదు కాబట్టి ఫోటో తీయాలన్నారు. వద్దన్నాను.

"క్షమించండి సార్. ఇది మిమ్మల్ని అడిగి తీసేది కాదు," అన్నారు.

గోడకి ఆనించి నిలబెట్టారు. కళ్లు మూసుకున్నాను. తెరవమన్నారు, తెరవలేదు. రెప్పల మీద ఎర్రగా మెరిసింది. ఈ యంత్రం మూసిన కళ్లకి కూడా ఒప్పుకుంది. ఆ రోజు చొక్కా పట్టుకు లాగడానికి రాహెల్ ఉంది. ఈ రోజు లేదు.

"అమ్మా, ఎలాగూ తీసేశారు కదా," అన్నాను. "అదే నా లైసెన్సు మీద వేసి ఇచ్చేయండి. మధ్యాహ్నం మా ఆవిణ్ణి ఇంటికి తీసుకెళ్లాలి."

"అది వేరే ఆఫీసు సార్," అన్నారు. కంప్యూటర్ వైపు చూశారు. "పైగా ఇందులో మీ కళ్లు మూసుకుని ఉన్నాయి."

ఒంటిగంటకి రాహెల్‌ను బయటికి పంపిస్తారు. గుమ్మంలో నిలబడి వ్యాను కోసం చూస్తుంది. వ్యాను కూడలి దగ్గరే ఉంది. శుక్రవారం మళ్లీ డయాలిసిస్ ఉంది. ఎవరు తీసుకెళ్తారో నాకు తెలియదు.

నేను చెప్పిందంతా నాకు చదివి వినిపించారు. అంతా నిజమే, నేను చెప్పినట్టే ఉంది. కింద సంతకం పెట్టాను. బొటనవేలి ముద్ర అక్కర్లేదన్నారు. అయినా వేశాను.

జకరాయస్ స్టాల్
(ఎడమ బొటనవేలి ముద్ర)