నాయకుడి కళ్ళు

మా కిటికీ ఎదుటి గోడ మీద ఎన్నికలొచ్చినప్పుడల్లా ఓ కొత్త నాయకుడి బొమ్మ పడుతుంది. ఈసారీ బొమ్మలాయన నిచ్చెనెక్కి పాత మొహానికి సున్నం కొడుతున్నాడు. కింద ఆయన భార్య నిచ్చెన పట్టుకుని నిలబడింది.

"అదేంటయ్యా, మొహమంతా కొట్టేసి కళ్ళు వదిలేశావు?"

"వాటి చుట్టూనే కొత్త మొహం గీస్తాలే."

"కొత్తాయనకి పాతాయన కళ్ళా? పార్టీవాళ్ళు చూశారంటే నీ పని అయిపోయినట్టే!"

"ఇన్నేళ్ళూ ఎవరు కనిపెట్టారే? పైగా కళ్ళు భలే కుదిరాయని మెచ్చుకుంటారు."

"ఇంతకీ ఎవరివా కళ్ళు?"

"నీవే. పెళ్ళైన కొత్తలో నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్చుకున్నా. దయగా చూసే కళ్ళంటే నా చేతికి అవే వస్తాయి."

"నీ దుంప తెగ! ఆ కళ్ళు చూస్తే మనింటి మనిషిలా ఉన్నాడని కుళాయి దగ్గర ఆడాళ్ళంతా పోయినసారి ఓటేశారు. గెలిచాక ఆయన మన వీధి మొహం చూశాడా? కుళాయిలో చుక్క లేదు. అయితే వాళ్ళిన్నాళ్ళూ తిట్టిపోసింది నా కళ్ళనా?"

"బొమ్మ నాది, ఓటు వాళ్ళది. నన్నేం చెయ్యమంటావు?"

"చెరిపెయ్."

"చెరిపితే బొమ్మలో ప్రాణం పోతుందే. మళ్ళీ నన్నెవరు పిలుస్తారు?"

ఆమె గోడ మీది కళ్ళకేసి వేలు చూపింది.

"అయితే నల్ల కళ్ళద్దాలు పెట్టు. ఈ కొత్తాయన నీళ్ళిచ్చిన రోజున నేనే నిచ్చెన పట్టుకుంటా, తీసేద్దువుగాని."

ఆ కొత్తాయనే గెలిచాడు. నేను ఖాళీ బిందెతో రోజూ ఆ గోడ ముందునుంచే వస్తుంటాను. అద్దాలు ఇంకా ఉన్నాయి.