అతికించిన ఫొటో

ఆత్మకూరు బస్టాండు దగ్గర ఫొటో స్టూడియో. పాతికేళ్ల పెళ్లిరోజుకని స్నేహితులతో ఐర్లాండు వెళ్లొచ్చిన భార్యాభర్తలు, ఫ్రేము కట్టిన ఫొటో చూస్తున్నారు.

“ఏందయ్యా ఇది? ఈ కొండ కాడ నా పక్కన నువ్వెప్పుడు నిలబడినావు?”

“స్టూడియోలో అతికించినార్లే. ఆదివారం చర్చిలో మనకోసం ప్రార్థన చేసేటప్పుడు అందరికీ చూపిస్తారు.”

“ఛీ! ఆ పొద్దు ఫ్రెండ్సుతో బార్లో తాగి, నా కొత్త శాలువ మీద కక్కినావు. అది ఉతుక్కోని, తడిదే కప్పుకోని పోయి, ఎవుర్నో బతిమాలి ఈ ఫొటో తీయించుకున్నాను.”

“మెల్లిగా మాట్లాడు. ఆదివారం ఇద్దరం లేచి నిలబడి, దేవుడు మనల్ని ఎట్ల కలిపి ఉంచినాడో సాక్ష్యం చెప్పాల.”

“నువ్వు కూచో. కొండ కాడ ఒక్కదాన్నే నిలబడినా గదా, చర్చిలోనూ ఒక్కదాన్నే నిలబడి, ఆ పొద్దు నువ్వు యాడుండినావో చెప్తాను.”