పాటలో ఈల

స్టూడియో కిటికీ అద్దాలు అదురుతున్నాయి. ముప్పై ఏళ్లుగా అన్న సింథసైజర్ మీద కట్టే ప్రతి పాటా అందరికంటే ముందు వినే చెల్లెలు చెవులు మూసుకుంది.

"ఇదేం మోత అన్నయ్యా? గుండెల మీద రోకళ్లతో దంచినట్టుంది. నీ గలగలలన్నీ ఏమయ్యాయి?"

"పోయిన పాటలో సన్నటి ఈల ఉంది, గుర్తుందా?"

"లేకేం! కొత్త ప్రయోగమని జనం నెత్తిన పెట్టుకున్నారుగా."

"అది నేను పెట్టింది కాదే. ఏదో వైరు లూజై వచ్చిన కూత. నాకు వినపడనే లేదు."

ఆమె చేతులు చెవుల మీంచి జారాయి.

"డాక్టరుకి చూపించావా?"

"చూపించాను. సన్నటి శబ్దాలు ఇక వినపడవన్నాడు. బరువైనవి నిక్షేపంగా వినపడుతున్నాయి."

"పాతవాటిలాగే చెయ్యి. నేను విని చెబుతాగా."

"నీ చెవులతో నేను పాట కట్టాలా? నాకు వినపడనిది నా పేరుతో బయటికి పోదు. సౌండు ఇంకాస్త పెంచు."

"ఆగు. ముందు ఆ అద్దాలు బిగించనీ," అంటూ ఆమె స్క్రూడ్రైవర్ కోసం లేచింది.