ఏసీ అర్రల కంత

"అమ్మమ్మా, గన్ని పైసలు వోసి ఏసీ వెట్టిండ్రు, మల్ల గోడకు గంత పెద్ద కంత అట్లనే ఇడిసిపెట్టిండ్రేందే?"

ఆఁ, నువ్వు గూడ గదే అడిగినవా? ఈ ఇంటికెవలొచ్చినా మంచిగున్నవా మార్తమ్మా అని అడుగరు. మోకాళ్లెట్లున్నయని అడుగరు. కంతేంది, కంతేంది అని అడుగుతరు. కూసో. గా కుర్చీల గాదు, దాని కాలు కదులుతది, మీ మామ ఫోన్ల సూసి తెప్పిచ్చిండు, ఫోన్ల కూసుండనీకె మంచిగనే ఉండె. గా మూలకు మీ తాత చేసిన స్టూలుంది సూడు, దాని మీద కూసో.

గా కంత మీ అమ్మ కన్న పెద్దది బిడ్డా. అప్పుడు మీ అమ్మ పాకుతున్నది... లే లే, పాకేది మీ పెద్దమ్మ. మీ అమ్మ ఇంక పుట్టలే. సరే, ఎవలో ఒకలు పాకుతున్నరు. మన గల్లీకి కరెంటు కొత్తగొచ్చింది. ఇంటికి ఒక్క లైటు బుగ్గ. ఒక్కటంటె ఒక్కటే. ఇప్పుడు మీ అత్త దువ్వుకునే అద్దానికే ఆరు బుగ్గలున్నయి గద, సినిమా దానోలె. అప్పుడు మొత్తం ఖాన్‌దాన్‌కు ఒక్కటి.

ఇగ మన ఎనుక గోడకు జైబున్‌బీ ఇల్లు. గోడ ఒక్కటే, దర్వాజలు మాత్రం వాళ్లది అవుతలి గల్లీల, మనది ఇవుతలి గల్లీల. ఆమె మిషిన్ కుట్టేది. కుట్టుడంటె ఉత్త కుట్టుడా, ఈ చర్చి దిక్కు సగం మంది క్రిస్మస్ జాకెట్లు ఆమెవే. వాళ్లింటికి కరెంటు లేదు. కందిలి ముంగట సూదిల దారం ఎక్కియ్యలేక పరేషానయ్యేది. మల్ల గాసునూనె ఊకె దొరుకుతుండెనా? సీస వట్టుకొని లైన్ల నిలవడాలె. నూనె అప్పుడు రూపాయి లోపటనే ఉండె కావొచ్చు, గని రూపాయి యాడుండె?

మీ తాత చర్చిల బెంచీలు బాగుచేసెటోడు. ఒకనాడు గోడ దిక్కు సూసుకుంట కూసుండు. నేను చాయ్ తెచ్చిన, తాగలే. లేసి ఉలి వట్టుకొని గోడ కొట్టవట్టె. ఏమైంది నీకు, ఇల్లు గూలగొడుతున్నవా అంటె, "కంతల బుగ్గ వెడితే ఎలుగు అటు వడుతది, ఇటు వడుతది" అన్నడు. గంతే. ఒక్క బుగ్గ, రెండు అర్రలు. స్విచ్చు మన దిక్కు. జైబున్ కత్తెరతోని గోడ మీద టకటక కొడితె నేను ఏసేది, పనైనంక మల్ల కొడితె బంద్ చేసేది. కరెంటు పొదుపు చెయ్యుండ్రని మాకెవలు బోర్డులు వెట్టి చెప్పలే బిడ్డా. లేనోళ్లకు పొదుపు నేర్పేటోడు ఇంక పుట్టలే.

ఒకనాడు కరెంటు సారొచ్చిండు. సారంటె సారే, సంకల డైరీ, మీద పెన్ను. "ఒక కనెక్షన్‌తోని రెండిండ్లు నడుపుతుండ్రా? కేసైతది" అన్నడు. మీ తాతేమన్నడో ఎర్కనా? "సారూ, తీగ నా ఇంట్లున్నది, బుగ్గ నా గోడల ఉన్నది. ఎలుగు అటు పోతుందంటె నేనేం జెయ్యాలె? మీరే జర జెప్పుండ్రి, ఇంటదేమో." సారుకు కోపమొచ్చింది. కంతల తలకాయ వెట్టి అటు సూసిండు. అవుతలి నుంచి జైబున్ "సలాం సాబ్" అన్నది. ఉల్కివడి తలకు బుగ్గ తాకిచ్చుకున్నడు! చుర్రుమన్నది. ఇగ కేసు లేదు, ఏం లేదు. చాయ్ తాగి పోయిండు. రెండు దిక్కుల తాగిండు, అటొకటి ఇటొకటి.

ఏం చెప్తున్న? ఆఁ, కంత. తర్వాత వాళ్లకు మీటరొచ్చింది, బుగ్గ తీసేసినం. కంత ఉండిపోయింది. ఉత్తగ ఉండలే. అగ్గిపెట్టె పోయేది, తొక్కు గిన్నె వచ్చేది, రంజాన్‌కు షీర్ ఖుర్మా, క్రిస్మస్‌కు కేకు. మల్ల రంజాన్ నెలల జైబున్‌ను, తెల్లారకముందు తినే సహర్ బువ్వకు లేపేది నేనే. నవ్వుతవేంది? నాకెట్లా నిద్ర రాదు. తెల్లారకముందే ప్రార్థనకు లేస్తా, కంతల నోరు వెట్టి "జైబున్, లెవ్వు" అంట. "ఆఁ లేసిన" అంటది. మసీదు సైరన్ కూస్తది గద అంటవు. ఆమెకు సైరన్ ఇనవడది బిడ్డా, నా మీద ఎవలన్న చాడీలు చెప్పినా, నేను పిలిచినా, గివే ఇనవడుతయి.

ఇగ మొన్న మార్చిల ఏమైంది. ఒంటిపూట బడులు. మీ మామ బిడ్డె స్నేహ లేదూ, దాని బళ్లె కరెంటు పొదుపు ర్యాలీ అన్నరు. నేను గూడ గేటు కాడ నిలవడి సూసిన. ఏం పొదుపు, ఏం పొదుపు! ముంగట ఆటోల జనరేటరు, దాని మీద డీజే డబ్బాలు, "విద్యుత్తును ఆదా చేయండి" అని చెవులు వలిగెటట్టు. పిల్లలు పాపం ఎండల అట్టముక్కలు వట్టుకొని నడుస్తుండ్రు. నెత్తిమీద గల్లీ లైట్లు పట్టపగలు ఎలుగుతున్నయి. ఎవ్వలు పైకి సూడలే. సూస్తె మెడ నొస్తది గద.

స్నేహకు ఎనర్జీ కెప్టెన్ అని బిళ్ల ఇచ్చిండ్రు. ఇగ ఇంట్ల పోలీసు దిగింది. పంకా ఎందుకు, లైటెందుకు, ఫ్రిజ్జు దర్వాజ అంతసేపెందుకు. మంచిదే, కాదంటలేను. దాని వల్ల మీ అత్త టీవీ బంద్ చెయ్యవట్టె, దేవుడున్నడనిపిచ్చింది.

ఏసీ గప్పుడే వచ్చింది. నిరుడు నాకు ఎండదెబ్బ తాకి దవఖానకు పోయిన గద, మీ మామ "అమ్మ కోసమే" అని తెచ్చిండు. అమ్మ కోసమే. వెట్టిన నాటి నుంచి మీ మామ గీ అర్రలనే, మీ అత్త గీ అర్రలనే, చాపలు, మెత్తలు, ఫోన్ల చార్జర్లు. అమ్మ మంచం మూలకు వోయింది. పద్దెనిమిది మీద వెట్టి దుప్పట్లు కప్పుకుంటరు! గంత సలి కావాలంటె ఊటీ పోవచ్చు గదరా అంటె ఇనడు.

బళ్లె టీచర్ చెప్పిందట, ఏసీ అర్రలల్ల సందులుంటె సల్లగాలి బయటికి పోతది, కరెంటు దండుగైతది, ఇండ్లల్ల సందులు దేవులాడి మూసుండ్రి అని. టీచర్ తప్పేం లేదు, ఆమెకు మన కంత ఏమెరుక? స్నేహ సూసింది. ఇంత పెద్ద సందు! తల కింద వెట్టుకునే పాత మెత్త మడిచి కంతల కుక్కి, మీదకెళ్లి బళ్లె ఇచ్చిన కాయిదం అంటువెట్టి ఫొటో దిగింది. నేను చర్చికి పోయిన, నాకు తెల్వదు. ఈస్టర్ ముంగటి లెంట్ ఉపాసాల దినాలు గద, అటు జైబున్‌కు రంజాన్ నెల.

మరునాడు ఎప్పటి లెక్కనే లేసిన. లైటెయ్యలే, ఇంటోళ్లందరు పండుకున్నరు. ఏసీ బుర్రుమంటున్నది. కంత కాడికి పోయి "జైబున్, లెవ్వు" అన్న. ఆఁ అన్నట్టే ఇనవడ్డది. ఏసీ అన్నదో, మీ మామ గురక వెట్టిండో. నేను మెత్తకు చెప్పిన బిడ్డా. మెత్తను లేపి వచ్చి కూసున్న.

జైబున్ లెవ్వలే. కొడుకు లారీ మీద పోయిండు, ఇంట్ల ఒక్కతే. బువ్వ లేదు, నీళ్లు లేవు, అట్లనే రోజా ఉపాసం వట్టింది. గా ఎండల! షుగర్ గోలీలేసుకునే మనిషి. వద్దంటె ఇంటదా? మల్ల కంత దిక్కు సూస్తె మెత్త. ఏమనుకోవాలె ఆమె? ఇన్నేండ్ల సంది కంతల ఎన్నడు గుడ్డ వెట్టలే.

తెల్లారినంక నాకు మెత్త అగుపడ్డది. గుంజి పారేసి "జైబున్, జైబున్" అని పిలిచిన. సప్పుడు లేదు. చాయ్ తాగినవా అన్న, మల్ల యాదికొచ్చింది రోజా అని. అయినా తిడుతది గద మామూలుగైతె. తిట్టలే. తిట్టకపోతె నాకు భయమైంది.

ఇగ గల్లీ తిరిగి పోవాలె. ఈ గోడకు అవుతలనే ఇల్లు, గని కాళ్లతోని పోవాలంటె మసీదు దాక పోయి తిరిగి రావాలె. నా మోకాళ్లు ఎర్కనే గద. స్నేహ బడి నుంచి రాంగనే దాని భుజం వట్టుకొని బయలెల్లిన. మిట్టమధ్యాన్నం. మీ మామ "ఎండల యాడికే, ఏసీల ఉండక" అన్నడు. నీ ఏసీల నువ్వుండు కొడుకా, గడ్డకట్టు అన్న.

జైబున్ మంచంల పండుకున్నది. నన్ను సూసి గోడ దిక్కు తిరిగింది. "మార్తక్కా, వచ్చినవా? ఇంత దూరం ఎందుకొచ్చినవ్? ఏసీ వెట్టుకున్నోళ్లకు ముసల్దాన్ని లేపుడు యాదికుంటదా? మా ఇంటి గాలి వడుతలేదని చెప్తె నేనే ఇటుకలు వెట్టిచ్చెటిదాన్ని గద."

మంచం మీద ఆమె పక్కకు కూసున్న. స్నేహ ఏడ్వవట్టె. "దాదీ, నాయినమ్మ పిలిచింది, నేనే మూసిన. సల్లగాలి మీ దిక్కు పోతదని టీచర్ చెప్పింది" అన్నది. జైబున్ ఇటు తిరిగి దాన్ని సూసింది. "నా ఇంట్లకు ఇంత సల్లగాలొస్తె నేను మింగుతనా బిడ్డా?" అన్నది. ఇగ నవ్వుతుందో, ఏడుస్తుందో తెల్వదు, ఒళ్లు మొత్తం ఊగుతున్నది.

అక్కడనే కూసున్న పొద్దూకే దాక. ఆమె నీళ్లు ముట్టక ముందు నేనెట్ల ముట్టాలె? లెంట్ల చాయ్ ఇడువుమని పాస్టరయ్య ఎన్నేండ్లు మొత్తుకున్నడో, ఇడువలే. గా దినం జైబున్ పుణ్యాన ఉపాసమున్న. అజాన్ అయినంక ఖర్జూర పండు నా నోట్ల వెట్టి, తర్వాత ఆమె తిన్నది.

ఇంటికొచ్చినంక స్నేహ ఒక్క మాటన్నది. "నాయినమ్మా, కంత మూసుడెందుకు, ఏసీనే బంద్ జేస్తె అయిపాయె గద?" సూడు! ఇంజనీర్లు, టీచర్లు, ర్యాలీలు, డీజేలు, ఎవ్వలకు తట్టలే. ఇగ బాగ ఉక్కవోసినప్పుడే ఏసీ, ఇరవై ఆరు మీద. లేకుంటె అటు జైబున్ కిటికి, ఇటు మన దర్వాజ తీస్తె కంతలకెళ్లి గాలి జివ్వున వస్తది. మీ మామ హాల్ల చెమట్లు తుడుసుకుంట పండుకుంటుండు. నా పాణానికి మంచిది.

గా దినం జైబున్ ఎంత ఏడ్చిందనుకున్నవ్, మెత్త తడిసిపోయింది...

"నేనేం ఏడ్వలే మార్తక్కా! కండ్లల్ల సుర్మా మండింది. పొల్లగానికి అన్ని అబద్ధాలు చెప్పకు."

ఇన్నవా? ఇంటనే ఉన్నది, మొదలు వెట్టిన కాడి నుంచి. సైరన్ మాత్రం ఇనవడదట.

ఏందే, ఏం గావాలె? ఆఁ, నా మనుమడే. కాలేజి బంద్ వెట్టిండు, ఫోను మాత్రం బంద్ వెట్టలే. ఏమంటున్నవ్? ఇటు జరుగు బిడ్డా, కంత కాడికి రా, దాదీ నీ మొఖం సూస్తదట. తల వంచు. ఇగో, నా చెయ్యి గూడ నీ నెత్తి మీద వెడుతున్న. నువ్వెన్ని ఇండ్లు కట్టుకున్నా, పక్కింటోళ్లు పిలిస్తె ఇనవడేటట్టు కట్టుకో కొడుకా. దేవుడు నీకు గసొంటి గోడ ఇయ్యాలె... ఏందే జైబున్, నువ్వు గూడ దువా ఇస్తవా? ఇయ్యి ఇయ్యి, ఒక్కదానితోని వీడు బాగువడెటట్టు లేడు...